హర్ఫ్‌బజ్: గుయ్యిమనేది, వద్దు

ఆ ఆదివారం మధ్యాహ్నం తార్నాకలోని ఆ రెండు వాటాల ఇంట్లో ఐదుగురు మనుషులున్నారు. కింది వాటాలో బోర్డులు రాసే ఇమ్మానుయేల్, అతని భార్య అమల, అతని తల్లి రాములవ్వ, వాళ్ళ దగ్గర ఉండి క్యాంపస్‌లో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న అతని అన్న కూతురు భూమిక. ఐదో మనిషి పైవాటాలో ఉండే ఇంటాయన సోమయాజులు గారు. ముప్పై ఏళ్ళు ఏదో ఆఫీసులో యూనిక్స్ అనే సిస్టమ్ మీద నడిచే కంప్యూటర్లు చూసి రిటైరైన మనిషి. పేరుకు పైవాటాయే గానీ, రెండు రోజులుగా ఆయన మకాం కింది వాటాలోని ప్లాస్టిక్ కుర్చీలోనే.

వీళ్ళందరూ కాక ఒక చుట్టం కూడా ఉంది. చుట్టం అన్నది రాములవ్వే. బిస్కట్ల డబ్బాకు కాస్త పెద్దదైన నల్లటి కంప్యూటరు అది. శుక్రవారం సాయంత్రం వచ్చి అన్నాలు తినే బల్ల మీద కూర్చున్నది ఇంతవరకు లేవలేదు.

"మీ సుట్టం ఎప్పుడు పోతదే?" అని రాములవ్వ అడిగింది. రెండు రోజుల నుంచి ఆమె పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తింటోంది మరి.

"రేపు పోతది అవ్వా," అంది భూమిక, తల ఎత్తకుండా. రేపు అది ఎక్కడికి పోతుందన్నదే భూమిక భయం. క్యాంపస్‌కు పోతుందా, లారీ ఎక్కుతుందా అని.

ఆ లారీ సంగతి ఇది. క్యాంపస్‌లో వాళ్ళ డిపార్ట్‌మెంటు చివర ఒక గది ఉంది. అందులో ఇలాంటివే ఎనిమిది కంప్యూటర్లు. లాప్‌టాప్ లేని పిల్లలు వాటి మీదే టైపింగ్ నేర్చుకునేవాళ్ళు. భూమిక కూడా అక్కడే నేర్చుకుంది. ఊళ్ళో బడిలో కంప్యూటరు బొమ్మను పుస్తకంలో చూసింది గానీ, చేత్తో ముట్టుకున్నది ఆ గదిలోనే. నెల కింద అవి ఒకదాని వెనక ఒకటి మొరాయించాయి. లోపలున్న పాత సిస్టమ్ పాడైంది. కొత్తది ఎక్కిద్దామంటే ఒక్కొక్కదానిలో ఉన్న చోటు ఒక్క జీబీ. ఇప్పటి సిస్టమ్‌లకు అందులో కాలు పెట్టే సందు కూడా లేదు. సోమవారం పదకొండింటికి తుక్కు లారీ వస్తుందని నోటీసు అంటించారు.

ఆ నోటీసు చూసి భూమిక శుక్రవారం ఆ గది దాకా వెళ్ళింది. తలుపు దగ్గర అటెండరు బాలస్వామి ఉన్నాడు.

"ఏం గావాలె?"

భూమిక నోరు తెరిచింది. మాట రాలేదు. బయటివాళ్ళ ముందు ఆమెకు ఎప్పుడూ అంతే.

"ఏం వద్దా? మరి జరుగు. తలుపు తీసుంటే ఏసీ పోతది," అని బాలస్వామి ఆమె ముఖం మీదే తలుపు మూసేశాడు. ఆ గదిలో ఏసీ నడవక నాలుగేళ్ళయింది. అయినా తలుపు విషయంలో అతని పట్టింపు తగ్గలేదు.

భూమిక కాసేపు తలుపునే చూసింది. సంచిలోంచి డైరీ తీసి ఒక కాగితం చింపి రాసింది. "సార్, ఎనిమిదింటినీ లారీకి ఇవ్వకండి. ఒకటి నేను బాగు చేసి చూపిస్తాను. నాకు ఇంట్లో కంప్యూటర్ లేదు. బి. భూమిక, మొదటి సంవత్సరం." కాగితాన్ని తలుపు కింది సందులోంచి లోపలికి తోసింది.

రెండు నిమిషాలకు తలుపు తెరుచుకుంది. ల్యాబ్ చూసే రత్నాకర్ సార్ కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"భూమిక ఎవరు?"

అక్కడ ఇంకెవరూ లేకపోయినా ఆమె చెయ్యి ఎత్తింది.

సార్ నవ్వాడు. "చూడమ్మా, లైబ్రరీ ద్వారం దగ్గర టీవీ ఉన్నది కదా, ఖాళీగ. సోమవారం పదకొండింటికల్లా దాని మీద తెలుగు నోటీసు కనపడాలె, ఈ డబ్బాలల్ల ఒకదానితోని. కనపడితే 'వాడకంలో ఉన్నవి' అని రాసి ఎనిమిదింటినీ ఆపుత. కనపడకపోతే నా చేతుల ఏం లేదు. సరేనా?"

భూమిక తల ఊపింది. అలా వచ్చింది చుట్టం.

పైనున్న సోమయాజులు గారి చెవిన ఈ మాట పడేసరికి ఆయన మెట్లు దిగి వచ్చేశారు. తన పాత మానిటరు, కీబోర్డు తనే మోసుకొచ్చారు. "ఒక్క జీబీయా? మా రోజుల్లో అందులో పదోవంతులో ఆఫీసంతా నడిచేదమ్మా!" అన్నారు హుషారుగా. చిన్న యూనిక్స్ తరహా సిస్టమ్ ఒకటి, ఉట్టి గోడలు మాత్రమే ఉన్న ఇల్లులాంటిది, ఎక్కించడం నేర్పారు. దాని మీద కావలసినవన్నీ ఒక్కొక్కటిగా ఇంటర్నెట్ నుంచి తెచ్చి పెట్టుకోవాలి. అలా తెచ్చుకునే ఒక్కో మూటను ప్యాకేజీ అంటారు.

శనివారం పొద్దున భూమిక నోటీసు చూపించే చిన్న ప్యాకేజీ ఒక్కటి అడిగింది. అది ఒక్కతే రాలేదు. నాకు ఫలానాది కావాలి అంది. ఆ ఫలానాదానికి ఇంకో నాలుగు కావాలి. ఆ నాలుగింట్లో ఒకటి ప్రింటరు సరంజామా అంతా వెంటబెట్టుకొచ్చింది. ఆ ఇంట్లో ప్రింటరే లేదు. తెర మీద అడిగినప్పుడల్లా భూమిక "సరే" అని నొక్కుతూ పోయింది. కాదనడం ఆమెకు రాదు. మధ్యాహ్నానికి "చోటు లేదు" అని ఎర్రక్షరాలు వచ్చి అంతా ఆగిపోయింది.

సోమయాజులు గారు అది చూసి నుదురు కొట్టుకున్నారు. "పెళ్ళికి ఒకరిని పిలిచావు, వాళ్ళు ఊరందరినీ లారీలో తెచ్చారు. ఇదిగో, దీన్నే డిపెండెన్సీ అంటారు. ఎవరికి ఎవరు కావాలన్న లెక్క. ఇందులో రెండు రకాలున్నాయి చూడు. 'తప్పనిసరి' అన్నవాళ్ళు ఒక వరస. వాళ్ళు లేకపోతే పెళ్ళే జరగదు. 'ఉంటే మంచిది' అన్నవాళ్ళు ఇంకో వరస. నీకున్నది చిన్న ఇల్లు. రెండో వరసకు దణ్ణం పెట్టెయ్యి."

దాంతో భూమిక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి రెడీమేడ్ మూటలు కాకుండా, ప్రతి ప్యాకేజీని దాని మూల ప్రోగ్రాం నుంచి ఈ డబ్బా కోసమే కట్టుకోవాలి. కట్టే ముందు జాబితా వస్తుంది. రెండో వరసలో వద్దన్నవాటి ముందు టిక్కు తీసేయాలి. పొరపాటు పడకుండా ఉండాలని తీసేసిన ప్రతి పేరునూ డైరీలో రాసుకుంది. తెలుగు మీడియం పిల్ల కాబట్టి ఇంగ్లీషు పేర్లన్నీ తెలుగక్షరాల్లోనే రాసుకుంది, పక్కన కారణంతో సహా. "కప్స్: ప్రింటరుది, మనకు లేదు, వద్దు." "పల్స్: సౌండుది, డబ్బాకు స్పీకరు లేదు, వద్దు." మొదట్లో ఒక్కో టిక్కు తీసే ముందు పేరును రెండుసార్లు సరిచూసుకుంది. పదో పేరుకు ధైర్యం వచ్చింది. ముప్పయ్యో పేరుకు సరదా పుట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఇంతమందికి ఇన్నిసార్లు "వద్దు" చెప్పడం ఆమెకు అదే మొదలు.

ఆదివారం సీతాఫల్‌మండి చర్చి నుంచి అందరూ తిరిగొచ్చేసరికి కట్టుబడి పూర్తయింది. ఇంకా ఇరవై ఎంబీల చోటు మిగిలింది కూడా. సోమయాజులు గారు భుజం తట్టారు. భూమిక నోటీసు టైపు చేసి నొక్కింది. తెర వెలిగింది. అక్షరాలు వచ్చాయి.

భూమిక ముఖం వాడిపోయింది.

"వచ్చిందా? ఏం రాసినవ్, నేను సదువుత," అని రాములవ్వ కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగింది. ఆమె యాభై ఏళ్ళు దాటాక బైబిల్ పెట్టుకుని చదువు నేర్చుకుంది. ఎలా రాసి ఉంటే అలా, ఒక్కో అక్షరాన్నీ వేలితో నొక్కి చదువుతుంది.

తెర మీద ఇలా ఉంది: "విద్‌యార్‌థులకు గమనిక. గ్‌రంథాలయం పుస్‌తకాలు..."

"విద్... యార్... థులకు," అంది రాములవ్వ. ఊపిరి పీల్చుకుంది. "గ్... రంథా... ఇదేం తెలుగే? పండ్లు లేని నేనే నయం గద!"

వంటింట్లోంచి అమల పగలబడి నవ్వింది. సోమయాజులు గారికీ నవ్వాగలేదు. భూమిక కూడా నవ్వబోయింది గానీ, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఈ నోటీసు చూస్తే లైబ్రరీ ముందు క్యాంపస్ అంతా నవ్వుతుంది. సార్ నవ్వకపోవచ్చు. కానీ లారీ మాత్రం ఆగదు.

"ఫాంటు బాగోలేదేమోనమ్మా," అన్నారు సోమయాజులు గారు. ఫాంటు మార్చారు. అదే తంతు. ఇంకోటి మార్చారు. మూడోది మార్చారు. అక్షరాల లావు మారింది, వంపులు మారాయి, ఒత్తులు మాత్రం కిందికి దిగలేదు. ముందు అక్షరం నెత్తిన పొల్లు పెట్టుకుంటే, ఒత్తు కావలసింది దాని పక్కనే నిలబడింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నాకు తోచట్లేదమ్మా. నా సర్వీసంతా ఇంగ్లీషుతోనే గడిచింది. అందులో ఏ అక్షరం దానిదే. ఒకటి ఇంకోదాని కింద కూర్చోవలసిన పని పడలేదు."

అన్నం తిని చెయ్యి కడుక్కుని వస్తున్న ఇమ్మానుయేల్ తెర ముందు ఆగాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, ఎవరో రాసిన బోర్డును చూసినట్టే చూశాడు.

"ఎవడు రాసిండే ఈ బోర్డు?"

"నేనే చిన్నాయనా," అంది భూమిక చిన్నగా.

"నువ్వు గాదు బిడ్డా. నువ్వు మంచిగనే రాసినవ్. అక్షరాలు కూడ మంచిగున్నయి. చూడు, ద ఉన్నది, య ఉన్నది. రెంటినీ కలిపే చెయ్యి లేదు. విద్యానగర్‌ల ఆ కొత్త ఫ్లెక్సీ దుకాణపోడు గిట్లనే చేస్తడు. మొన్న ఒక కళ్యాణ మండపానికి 'కళ్‌యాణ' అని కొట్టిచ్చిండు. ఒత్తు పక్కన నిలబడ్డది, పెండ్లి కొడుకు అలిగి బయట నిలబడ్డట్టు." అతను వంగి కీబోర్డు పక్కన తెరిచి ఉన్న డైరీని చూశాడు. "గిదేంది? ఈ పేర్లన్నీ ఎవలు?"

"తీసేసినవి."

అవి ఇంగ్లీషులో ఉంటే ఇమ్మానుయేల్ తిరిగి చూసేవాడు కాదు. తెలుగులో ఉన్నాయి కాబట్టి, రాత మనిషి కాబట్టి, వేలు పెట్టి చదువుతూ పోయాడు. పేజీ మధ్యలో వేలు ఆగింది.

"'హర్ఫ్‌బజ్: గుయ్యిమనేది, వద్దు.' దీన్నెందుకు తీసినవ్?"

"బజ్ అంటే చప్పుడు కద చిన్నాయనా. ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పాఠంల తేనెటీగలు బజ్ అంటయి. డబ్బాకు స్పీకరు లేదు, అందుకే..."

ఇమ్మానుయేల్ గట్టిగా నవ్వాడు. "ఓ పిచ్చి పిల్లా! బజ్ సంగతి తర్వాత. హర్ఫ్ అంటే ఏందో తెలుసా? ఉర్దూల అక్షరం! అంబర్‌పేట్‌ల పని నేర్చుకునేటప్పుడు మా ఉస్తాదు దినాం గదే మాట. 'హర్ఫ్ కో సాఁస్ లేనే దో' అనెటోడు. అక్షరాన్ని ఊపిరి పీల్చుకోనియ్యి, ఇరుకు చేయకు అని. పతంగులు ఎగిరేసెటోన్ని పతంగ్‌బాజ్ అంటరు. గట్లనే ఈడు హర్ఫ్‌బాజ్ కావొచ్చు. అక్షరాలతోని ఆడెటోడు. బోర్డు రాసే ఇంట్లకెళ్ళి అక్షరాలోన్నే ఎల్లగొట్టినవా?"

సోమయాజులు గారు కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నారు. ఆ ప్యాకేజీ వివరం తెరిచారు. పేరు కింద ఇంగ్లీషులో ఒక్క వాక్యం ఉంది. కలిసి రాయవలసిన లిపుల్లో అక్షరాలను ఒకదానితో ఒకటి అమర్చేది అని దాని అర్థం. భూమిక ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. శనివారం పేరు మాత్రమే చదివింది. కింది వాక్యం చదవలేదు.

"ఇమ్మానుయేలూ, నీకు నమస్కారమయ్యా," అన్నారు సోమయాజులు గారు. "పేరు సంగతి నాకు తెలియదు గానీ పని సంగతి నువ్వు చెప్పిందే. ఇంగ్లీషు వాళ్ళకు ఇది రెండో వరస. మనకు మొదటి వరస."

భూమిక ముక్కు తుడుచుకుని కీబోర్డు మీద చేతులు పెట్టింది. హర్ఫ్‌బజ్‌ను పిలిచింది. అది వస్తూ వస్తూ ఒక పెద్ద పరివారాన్ని అడిగింది. అందులో ఒక్కటే ముప్పై ఎంబీలు. ఉన్నది ఇరవై. సోమయాజులు గారు ఏదో చెప్పబోయి ఆగారు. భూమిక ఈసారి ఆయన వైపు చూడలేదు, పేరు చూసి ఊహించనూ లేదు. ఒక్కో పేరు కింది వాక్యాన్ని నిఘంటువు పెట్టుకుని చదివింది. ఆ ముప్పై ఎంబీలది లేకపోయినా పని నడుస్తుందని రాసి ఉంది. టిక్కు తీసింది. తర్వాతి పేరుకు వెళ్ళింది.

అంతటితో తీరలేదు. కొత్త పేచీ వచ్చింది. అక్షరాల బొమ్మలు గీసే ప్యాకేజీ ఒకటి ఫ్రీటైప్ అని ఉంది. హర్ఫ్‌బజ్ ఏమో ఫ్రీటైప్ వస్తేనే నేను కుదురుకుంటానంది. కుదురుగా పని చేయాలంటే ముందు హర్ఫ్‌బజ్ రావాలని ఫ్రీటైప్ అంది.

"ఏమైందే, మల్ల ఆగింది?" అంది అమల, టీ గ్లాసులు పెడుతూ.

"వీడొస్తేనే వాడొస్తడంట, వాడొస్తేనే వీడొస్తడంట చిన్నమ్మా."

"ఓ, మా అక్క పెండ్లిల వియ్యంకుల లెక్కనా? ముందు నువ్వు కూసో అంటే ముందు నువ్వు కూసో అని ఇద్దరు నిలబడే ఉన్నరు. పప్పు సల్లారిపోయింది. ఆఖరికి మా నాయన ఒకాయన్ని ఉట్టిగ స్టూలేసి కూసోబెట్టిండు, ఇంకొకాయన కుర్చీల కూసున్నడు, తర్వాత స్టూలు మీదాయనకు కూడ కుర్చీ ఏసిండ్రు."

సోమయాజులు గారు టీ గ్లాసు ఎత్తబోయి దించేశారు. "అమలా, సరిగ్గా అదే చెయ్యాలి! భూమికా, ముందు ఫ్రీటైప్‌ని హర్ఫ్‌బజ్ లేకుండా ఉట్టినే కట్టు. అది స్టూలు. దాని మీద ఆధారపడి హర్ఫ్‌బజ్‌ని కట్టు. అది కుర్చీ. తర్వాత ఫ్రీటైప్‌ని మళ్ళీ కట్టు, ఈసారి హర్ఫ్‌బజ్‌తో."

"పెండ్లిల తిన్న పప్పు గూడ పనికొచ్చింది," అంది రాములవ్వ.

చుట్టం మెల్లగా కట్టుకుంటూ పోయింది. బల్లకు చెవి ఆనిస్తే దాని ఫ్యాను గుయ్యిమంటోంది. ఆ చప్పుడు విని ఇమ్మానుయేల్ "బజ్!" అని భూమికను ఏడిపించాడు. గల్లీలో పిల్లలు క్రికెట్ ఆట ముగించి ఎవరిళ్ళకు వాళ్ళు పోతున్న వేళకు చివరిది కూడా అయింది. భూమిక నోటీసు నొక్కింది.

"విద్యార్థులకు గమనిక," అని రాములవ్వ ఎక్కడా ఆగకుండా చదివేసింది. "గ్రంథాలయం పుస్తకాలు... ఆఁ, ఇగ మనిషి రాసినట్టున్నది."

ఇమ్మానుయేల్ మాత్రం దగ్గరికొచ్చి ర్థ కింది ఒత్తును కళ్ళు చికిలించి చూశాడు. "కొంచెం కుడికున్నది," అన్నాడు. అతని నోట అంతకంటే పెద్ద మెప్పు రాదు.

సోమవారం పొద్దున అమల చుట్టాన్ని తువ్వాల్లో చుట్టి, కీబోర్డుతో సహా కూరగాయల సంచిలో పెట్టి ఇచ్చింది. సోమయాజులు గారిని కూడా రమ్మని భూమిక బతిమాలింది. సార్‌కు ఆయన చెబితే బాగుంటుందని ఆశ. "రెండో వరస వాణ్ణి నేను. నేను లేకపోయినా పని నడుస్తుంది," అని ఆయన పేపరు చాటుకు వెళ్ళిపోయారు. క్యాంపస్ లోపల చెట్ల కింద నడుస్తూ భూమిక దారి పొడవునా చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంది.

లారీ అప్పటికే వచ్చి ఉంది. విరిగిన కుర్చీలు ఎక్కిస్తున్నారు. లైబ్రరీ ద్వారం దగ్గర రత్నాకర్ సార్ గడియారం చూసుకుంటున్నాడు. పక్కన బాలస్వామి. భూమిక మాట్లాడకుండా సంచి దించి, తువ్వాలు విప్పి, తీగలు కలిపి మీట నొక్కింది. టీవీ నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. బాలస్వామి దగ్గాడు.

తర్వాత నోటీసు వచ్చింది. ఒత్తులన్నీ ఎవరి కింద వాళ్ళు బుద్ధిగా ఉన్నాయి.

సార్ కీబోర్డు తన వైపు తిప్పుకుని, ఒక్కో వేలితో వెతుక్కుంటూ ఒక మాట కొట్టాడు. స్వాతంత్ర్యోద్యమం. తెర మీద స్వా వచ్చింది. తం వచ్చింది. త కింద ర, దాని పక్కన య, పైన ఓత్వం, అన్నీ కుదురుకున్నాయి.

"అరె!" అన్నాడు సార్. "బయట ఫ్లెక్సీల మీద కూడ ఇది సరిగ్గ రాదు. ఒక్క జీబీల ఎట్ల పెట్టినవమ్మా?"

వల్లె వేసుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. భూమిక టీవీ వైపే చూస్తూ, టీవీకే చెబుతున్నట్టు మొదలుపెట్టింది. "హర్ఫ్ అంటే అక్షరం సార్. నాకు తెల్వక నేను గుయ్యిమనేది అనుకున్న. పేరు చూసి తీసేసిన. అప్పుడు ఒత్తులు పోయినయి. మా చిన్నాయన బోర్డులు రాస్తడు, ఆయన చెప్పిండు. ఆ తర్వాత ఒక్కోదాని కింద ఏం రాసున్నదో చదివి, మనకు ఏది తప్పనిసరో అదే పెట్టిన. ఇద్దరు ఒకలి కోసం ఒకలు ఆగిండ్రు సార్, వాళ్ళకు ముందు స్టూలేసిన..."

సార్‌కు స్టూలు సంగతి అర్థం కాలేదు. కానీ మధ్యలో ఆపలేదు. ఆమె చెప్పడం అయ్యాక జేబులోంచి కాగితం తీసి 'వాడకంలో ఉన్నవి, ఎనిమిది' అని రాసి సంతకం పెట్టాడు. దాన్ని లారీ అతనికిచ్చి, కుర్చీలు మాత్రం తీసుకుపొమ్మన్నాడు.

"మిగిలిన ఏడు?" అన్నాడు.

"చేస్త సార్." ఈ మాట భూమిక ఆయన ముఖం చూసే అంది.

బాలస్వామి చుట్టాన్ని తనే ఎత్తుకున్నాడు. గదికి ముందు నడిచి తలుపు తాళం తీశాడు. లారీ ఎక్కబోయిన కుర్చీల్లోంచి నాలుగు కాళ్ళూ ఉన్నదాన్ని ఏరి తెచ్చి కంప్యూటర్ల ముందు వేశాడు. నీళ్ళ సీసా పెట్టాడు. కిటికీ రెక్క తెరిచాడు. భూమిక లోపలికి వచ్చి కూర్చుని డైరీలో కొత్త పేజీ తిప్పింది.

"ఎవరన్న వచ్చి పిలిచినా లేవకు. నేను జెప్త వాళ్ళకు, పని నడుస్తున్నదని," అన్నాడు బాలస్వామి గడప దాటుతూ.

"మరి తలుపు?"

"ఏసీ పోతది బిడ్డా," అని అతను బయటి నుంచి తలుపు మూశాడు.